రెండు గట్ల మీదా మోగిన డప్పు

నది మధ్యలో ఒక లంక ఉంది. ఆ లంకలో ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయన పాక పక్కనే ఇంకో పాక. అందులో స్వామి ఉండేవాడు.

స్వామి ఉండాల్సింది గుడిలో కదా, పాకలో ఎందుకున్నాడని అడుగుతారు. అడగండి, అడుగుతారనే మొదలుపెట్టాను. కాస్త ముందుకు జరిగి కూర్చోండమ్మా, వెనకవాళ్ళకీ చోటు దొరుకుతుంది. ఈ కథంతా చోటు గురించే.

ఆ నదికి తూర్పు గట్టున ఒక ఊరు, పడమటి గట్టున ఒక ఊరు. రెండు ఊళ్ళకీ స్వామి ఒక్కడే. ఆయనకి రెండు గుళ్ళు, ఒక పడవ. ప్రతి ఏడూ ఎండలు ముదిరే ముందు రెండు ఊళ్ళవాళ్ళూ లంక మీద కలుసుకుని స్వామి ఎదుట ఒక ఆట ఆడేవారు. గెలిచిన ఊరికి స్వామి పడవెక్కి వెళ్ళేవాడు. మళ్ళీ ఆట దాకా అక్కడే కొలువు.

ఆట పేరు రాళ్ళాట. నిలువు గీతలూ అడ్డగీతలూ గీసిన పీట. గీతలు కలిసే కూడలిలో ఒకరు నల్లరాయి పెడతారు, తరవాత ఇంకొకరు తెల్లరాయి పెడతారు. పెట్టిన రాయి కదలదు. రాయి పక్కన రాయి పేర్చి గోడ కట్టాలి, గోడ లోపల లోగిలి మిగుల్చుకోవాలి. ఊపిరాడకుండా చుట్టుముడితే ఎదుటివాడి రాయి చెరకి పోతుంది. ముందు ఎత్తు నల్లది కనుక, చివరికి సరిసమానంగా తేలితే గెలుపు తెల్లది. ఆట ఇంతే. ఇంతే అన్నానుగానీ, ఈ పీట ముందు కుర్రతనంలో కూర్చుని తల నెరిశాక లేచినవాళ్ళున్నారు.

ఆట ముగిశాక లంక మీద లెక్క పెట్టేవారు కాదు. స్వామి కళ్ళెదుట ఒక మనిషిని పట్టుకుని నువ్వు ఓడిపోయావు అనడం మర్యాద కాదని పెద్దల కట్టుబాటు. ఆడినవాళ్ళిద్దరూ దండం పెట్టుకుని, ఎత్తుల వరస రాసిన తాటాకు చెరొకటి తీసుకుని, ఎవరి పడవ వాళ్ళు ఎక్కేవారు. ఊరు చేరాక ఆ ఆకు చూసి పీట మీద రాళ్ళు మళ్ళీ పేర్చి, అందరి ముందూ లెక్క పెట్టేవారు. గెలిచిన గట్టు మీద డప్పు మోగేది. ఓడిన గట్టు ఆ డప్పు విని, నీటి మీదుగా ఒక దండం పెట్టి ఊరుకునేది.

ఎంత అందమైన కట్టుబాటో చూశారా? చిక్కు కూడా అందులోంచే వచ్చింది.

ఒక ఏడు రెండు గట్ల మీదా డప్పు మోగింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తమ డప్పే అవతలి గట్టుకి తగిలి తిరిగొస్తోందనుకున్నారు. తమది ఆపి చూశారు. అవతలిది మోగుతూనే ఉంది.

అంతే, మాట పెరిగింది. తూర్పు ఆటగాడు దొంగ లెక్క చెప్పాడని పడమటివాళ్ళన్నారు. పడమటి ఆటగాడు స్వామి పేరు మీదే బొంకాడని తూర్పువాళ్ళన్నారు. అవతలివాళ్ళు తమ అబద్ధం ఒప్పుకునేదాకా లంక మీద కాలు పెట్టం అని రెండు ఊళ్ళూ ఒట్టేసుకున్నాయి. ఆడిన ఇద్దరూ మంచివాళ్ళు. అబద్ధాలకోరు అన్న పేరు మోస్తూనే ఇద్దరూ కన్నుమూశారు. ఆ పేరు మాత్రం పోలేదు, పిల్లలకి దిగింది.

స్వామి సంగతేమిటి? స్వామి లంక రేవులో పడవలో కూర్చున్నాడు. వానలొచ్చాయి. వడ్రంగి చూసి ఉండబట్టలేక, స్వామిని ఎత్తుకుని తెచ్చి, నాలుగు గుంజలు పాతి, రెల్లు తడికలు అల్లి, ఒక పాక వేశాడు. అప్పటికి ఆయన కుర్రవాడు. ఈ కథ నడిచే నాటికి ఆయనకి చేతికర్ర వచ్చింది.

ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి, ఆ మనిషికి మాత్రం రోజూ పండగే. ఆయనకి భార్య లేదు, బిడ్డల్లేరు. తెల్లారగానే తడిక మీద తట్టి, "పక్కింటి అయ్యగారూ, లేచారా?" అని పలకరించేవాడు. ఇసుకలో వేసిన పుచ్చపాదు కాస్తే మొదటి కాయ పక్కింటికే. సాయంత్రం దీపం పెట్టి, "రెండు ఊళ్ళు పోట్లాడుకుంటే లాభం నాకొచ్చింది స్వామీ, ఇది తప్పయితే క్షమించు, తప్పు కాకపోతే ఇంకా కొంచెం సేపు కూర్చో" అనేవాడు. ఇంకా కొంచెం సేపు, ఇంకా కొంచెం సేపు అంటూ ఆయన జుట్టు తెల్లబడింది.

ఒక ఏడు వరదకి ఎగువ నుంచి ఒక దుంగ కొట్టుకొచ్చింది. ఏ ఊరి చెట్టో ఎవరికీ తెలీదు. వడ్రంగి దాన్ని స్వామి ఎదుట కూర్చుని చెక్కాడు. చెక్కగా చెక్కగా ఆడపిల్ల బొమ్మ అయింది. అయిన నాటి సాయంత్రం అది కళ్ళు తిప్పి, "నాన్నా, ఆ కట్టలో ఏముంది?" అంది.

బొమ్మ మాట్లాడటమేమిటని నన్ను అడక్కండి. స్వామి పక్కింట్లో ఉండగా మాట్లాడకుండా ఎన్నాళ్ళుంటుంది?

ఆ కట్టలో ఉన్నవి ఆటల ఆకులు. పూర్వం రెండు ఊళ్ళవాళ్ళూ మంచి ఆట ఆడితే దాన్ని తాటాకు మీద రాసి స్వామికి మొక్కుబడిగా ఇచ్చేవారు. అవన్నీ పడవలోనే ఉండిపోయాయి. వడ్రంగి ఒక్కొక్కటే చదివేవాడు, బొమ్మ ఒక్కొక్క ఎత్తూ పీట మీద పెట్టి చూసేది. ప్రతి ఆకు మీదా పైన స్వామి పేరు. దాని కింద ఆడినవాళ్ళ పేర్లు. ఆ కింద ఎత్తులు. చివర గెలిచిందెవరో ఒక ముక్క. అలా చదివి చదివి బొమ్మకి ఆట వచ్చింది. మామూలుగా కాదు, దివ్యంగా వచ్చింది.

ఒకనాడు అది, "నాన్నా, ఈ ఆకులో ఆట అయిపోయాక కూడా తన లోగిట్లో తనే రాళ్ళు పెట్టుకున్నాడు, గెలిచాడు. ఈ ఆకులో ఎవరూ అలా పెట్టుకోలేదు. ఏది పద్ధతి?" అంది.

"ఇద్దరూ గెలిచారుగా తల్లీ, రెండూ పద్ధతే" అన్నాడు వడ్రంగి. ఆయనకి ఉలి వచ్చినంతగా ఆట రాదు.

"అయితే పెట్టుకోవడమే మేలు. ఇల్లు గట్టిగా ఉంటుంది" అని బొమ్మ మనసులో వేసుకుంది.

పుచ్చకాయలు కొనడానికొచ్చే పడవలవాళ్ళు బొమ్మ ఆట చూసి ఊళ్ళో చెప్పారు. తూర్పు గట్టు పెద్దమ్మ చెవిన పడింది. రెండు డప్పులూ మోగిన నాడు తెల్లరాళ్ళు ఆడింది ఆవిడ తాత. పడమటి గట్టు పెద్దాయన చెవిన పడింది. నాడు నల్లరాళ్ళు ఆడింది ఆయన తండ్రి. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. ఆ బొమ్మది ఈ గట్టూ కాదు, ఆ గట్టూ కాదు. పాత ఆటకి దాని చేత తీర్పు చెప్పిస్తే?

ఇద్దరూ ఒకే ఉదయం వచ్చారు. వచ్చారేగానీ కాలు కింద పెట్టలేదు, ఒట్టుంది కదా. తూర్పు పడవ రేవుకి ఇటు ఆగింది, పడమటి పడవ అటు ఆగింది. వడ్రంగి పీటనీ బొమ్మనీ తెచ్చి నీటి అంచున పెట్టాడు.

"మేస్త్రీ," అంది పెద్దమ్మ, పడవలో మఠం వేసుకుని. "ఆయనగారితో చెప్పు. ఇవాళ నిజం తేలితే మొహం చాటెయ్యొద్దని."

"మేస్త్రీ," అన్నాడు పెద్దాయన. "ఆవిడగారితో చెప్పు. నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయని."

"ఇద్దరికీ వినపడిందండి" అన్నాడు వడ్రంగి.

"ముందు దీనికి ఆటొచ్చో రాదో చూడాలి" అంది పెద్దమ్మ. "మా తాత ఆటకి తీర్పు చెప్పేది ఎలాంటిదో నాకు తెలియొద్దూ?" అని పడవ అంచు మీంచి వంగి నల్లరాయి తీసుకుంది.

ఆడారు. అబ్బ, ఏం ఆట అనుకున్నారు! పెద్దమ్మ ఒక మూల గోడ కడుతుంటే బొమ్మ పక్క నుంచి సందు చేసుకుని వచ్చేది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పెద్దమ్మ నుదుటి మీద చెమట. గోడలన్నీ మూసుకున్నాయి. ఇంక పెట్టాల్సిన చోటు లేదు. పెద్దమ్మ మనసులో లెక్క వేసుకుని, తను కొంచెంలో వెనకబడ్డానని తెలిసి, పెద్ద మనసుతో చేతులు ముడుచుకుంది. ముడుచుకుంటే ఇంక ఆడను అని అర్థం.

బొమ్మ చేతులు ముడవలేదు. తన లోగిట్లో తనే ఒక తెల్లరాయి పెట్టింది.

పెద్దమ్మ కళ్ళు పెద్దవి చేసి మళ్ళీ చేతులు ముడిచి చూపించింది. బొమ్మ ఇంకో రాయి పెట్టింది. మరోటి. మరోటి. ఊపిరాడేంత చోటు మిగిల్చి, అది చక్కగా ఇల్లు గట్టిచేసుకుంటోంది.

"అయ్యో అయ్యో, ఇదేం చోద్యమే!" పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఉన్న లోగిలంతా చేజేతులా పూడ్చుకుంటోంది! మేస్త్రీ, నీ కూతురికి ఇల్లు కట్టడం వచ్చుగానీ కాపురం చెయ్యడం రాదయ్యా!"

గడ వేసేవాళ్ళు కూడా నవ్వారు. పెద్దమ్మ వేలితో గబగబా లెక్క చూసింది. "చూడు, గెలిచే ఆట పోగొట్టుకుంది. దీని చేతా మా తాతకి తీర్పు? పొయ్యిలోకైతే పనికొస్తుందిలే."

వడ్రంగి మొహం మాడిపోయింది. బొమ్మ తల వంచుకుంది.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. పడవలో నిలబడి, పీట వంక తేరిపార చూసి, "మేస్త్రీ, ఆవిడగారితో చెప్పు" అన్నాడు. "తను ఓడిన ఆటని గెలిచానని చెప్పుకోవడం వాళ్ళ ఇంట్లో తాత నుంచీ ఉన్నదేనని."

"ఏంటీ?" పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "బొమ్మ గెలిచిందా? లోగిలంతా నింపుకున్నాక కూడానా?"

"నింపుకుంటే ఏం పోయింది? దాని ఇంట్లో దాని రాయి."

"ఏం పోయిందా! వినండర్రా వినండి! మళ్ళీ అబద్ధం, అదీ స్వామి ఎదుటే!"

"అబద్ధం నీది!"

"తియ్యండిరా పడవ!"

"మనమూ తియ్యండిరా!"

రెండు పడవల్లోనూ గడలు లేచాయి. ఇటు నీళ్ళు కదిలాయి, అటు నీళ్ళు కదిలాయి.

అప్పుడు బొమ్మ చాలా చిన్న గొంతుతో, "నాన్నా, నేను గెలిచానా, ఓడానా?" అంది.

వడ్రంగి పీట చూశాడు. పెద్దమ్మ మాట చెవిలో ఉంది. పెద్దాయన మాట చెవిలో ఉంది. ఎప్పుడో బొమ్మ అడిగిన మాట కూడా గుర్తొచ్చింది. నింపుకుని గెలిచినవాడు, నింపుకోకుండా గెలిచినవాడు.

వీళ్ళిద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

అమ్మా, అయ్యా, ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఆయన కూడా ఆగాడు. ఈ సంగతి లోకంలో ఆయన ఒక్కడికే తెలిసింది. నోరు విప్పితే రెండు ఊళ్ళూ కలుస్తాయి. కలిస్తే మళ్ళీ ఆట ఆడతారు. ఆడితే స్వామి పడవెక్కుతాడు. నోరు విప్పకపోతే ఈ పడవలు రెండూ వెళ్ళిపోతాయి, సాయంత్రం దీపం మామూలే, పొద్దున్నే పక్కింటి పలకరింపు మామూలే. ఎవరూ అడగరు. బొమ్మకి పిచ్చి పట్టిందనుకుంటారు, అంతే.

ఆయన వెనక్కి తిరిగి పాక వంక చూశాడు. తడిక సందులోంచి స్వామి కనపడుతున్నాడు. స్వామి ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏమీ అనలేదు. కూర్చోమంటే కూర్చున్నాడు. వడ్రంగి పెట్టింది తిన్నాడు, వడ్రంగి చెప్పింది విన్నాడు. ఇన్నాళ్ళూ తన మాట విన్నవాడికి ఒక్కసారి తాను ఏమివ్వాలి?

"ఆగండీ!" అని కేక పెట్టాడు వడ్రంగి. చేతికర్ర జారిపోయింది. మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయాడు. "పెద్దయ్యగారూ, ఆగండి! అమ్మగారూ, మీకు దండం పెడతాను, ఆగండి!"

గడలు ఆగాయి.

"అమ్మగారూ, బొమ్మ ఓడిందన్నారు కదా. ఎలా ఓడిందో లెక్కపెట్టి చూపించండి. వేలు పెట్టి, పైకి."

"ఇందులో చూపించేదేముంది?" అని విసుక్కుంటూనే పెద్దమ్మ లెక్క మొదలెట్టింది. గోడల లోపల ఖాళీగా మిగిలిన కూడళ్ళు లెక్కపెట్టింది. చెరపట్టిన రాళ్ళు కలిపింది. నిలబడ్డ రాళ్ళని తాకనైనా తాకలేదు. "ఖాళీ ఎవరికి ఎక్కువుంటే వాళ్ళది గెలుపు. చంటిపిల్లకి కూడా తెలుసు. లోగిట్లో నువ్వే రాయి పెట్టుకుంటే ఖాళీ పోదూ?"

పెద్దాయన నోరు తెరిచి చూస్తున్నాడు. "రాళ్ళని వదిలేసిందేమిటి?" అన్నాడు, తనలో తను.

"మీరు లెక్కపెట్టండి పెద్దయ్యగారూ."

పెద్దాయన లెక్కపెట్టాడు. పీట మీద నిలబడ్డ రాళ్ళని లెక్కపెట్టాడు, వాటి చుట్టుబడిలో ఉన్న ఖాళీని కలిపాడు. చెర రాళ్ళ గిన్నె వైపు చూడలేదు. "ఎవరి రాయీ దాని చుట్టుబడీ ఎంత చోటు ఆక్రమిస్తే అంత వాళ్ళది. లోగిట్లో రాయి పెడితే ఆ చోటు రాయిగా లెక్కకొస్తుంది, పెట్టకపోతే ఖాళీగా లెక్కకొస్తుంది. పోయేదేముంది? బొమ్మదే గెలుపు."

ఒకరు లెక్కపెడుతుంటే ఇంకొకరు చూడటం ఆ రెండు ఊళ్ళ పుట్టుకలో అదే మొదలు. మర్యాద కోసం ఎవరింట్లో వాళ్ళు లెక్క పెట్టుకున్నారు. అవతలివాళ్ళు ఇంకోలా లెక్క పెడతారన్న ఊహే ఎవరికీ రాలేదు. ఆకు మీద ఎందుకు రాయలేదంటారా? మనింట్లో అందరికీ తెలిసినదాన్ని మనం ఎక్కడన్నా రాసుకుంటామా?

"మరి అంతకుముందు గొడవ ఎందుకు రాలేదు?" అంది పెద్దమ్మ. ఈసారి గొంతులో వేడి లేదు.

బొమ్మ తలెత్తింది. "చాలా ఆటల్లో రెండు లెక్కలకీ ఒక్కడే గెలుస్తాడమ్మగారూ. కట్టలో ఎన్నో చూశాను. పాత ఆట ఆకు ఇవ్వండి."

పెద్దమ్మ ఒడిలోంచి ఒక ఆకు తీసింది. పెద్దాయన కండువా ముడి విప్పి ఒక ఆకు తీశాడు. ఇద్దరూ ఇంత కాలం దాన్ని గుండెకి హత్తుకుని తిరిగినవాళ్ళే. బొమ్మ రెండు ఆకులూ పక్కపక్కన పెట్టుకుంది. ఒక్క ఎత్తూ తేడా లేదు. పైన స్వామి పేరు, కింద పేర్లు, ఆ కింద ఎత్తులు. చివరి ముక్క మాత్రం ఒక దాని మీద తెల్ల, ఒక దాని మీద నల్ల.

రాళ్ళు పేర్చింది. పోయినవాళ్ళిద్దరి ఆట మళ్ళీ లేచి నిలబడింది.

"తూర్పు లెక్కన చూస్తే ఖాళీలూ చెర రాళ్ళూ ఇద్దరికీ సరిసమానం" అంది బొమ్మ. "సమానమైతే తెల్లది. అమ్మగారూ, మీ తాతగారు గెలిచారు."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెద్దయ్యగారూ, ఈ ఆట నల్లరాయితో మొదలై నల్లరాయితోనే ముగిసింది. కాబట్టి నల్ల ఒక రాయి ఎక్కువ ఆడింది. తూర్పు లెక్కకి ఆ రాయి కనపడదు. పడమటి లెక్కకి కనపడుతుంది. ఆ ఒక్క రాయితో మీ నాన్నగారు గెలిచారు."

పెద్దమ్మ కొంగు దించి పీట మీదికి వంగింది.

"అయితే మా తాత..." అంది పెద్దమ్మ. "పోయే ముందు కూడా, గెలిచానే అమ్మా, నిజంగా గెలిచానే, నువ్వన్నా నమ్ము అన్నాడు. పైకి నమ్మానన్నాను. లోపల..."

"మా నాన్న అదీ అనలేదు" అన్నాడు పెద్దాయన. మొదటిసారి ఆవిడ వైపే తిరిగి మాట్లాడాడు. "గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అమ్మా, నీ ముందు ఒప్పుకోవడానికి నా దగ్గర అబద్ధం లేదు. ఉంటే ఇవాళ ఒప్పేసుకుందును."

"నా దగ్గరా లేదు పెద్దనాన్నా."

పెద్దనాన్నా అన్న మాట విని ఆయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఒట్టు ఏమని ఉంది? అవతలివాళ్ళు అబద్ధం ఒప్పుకునేదాకా అని కదా. అబద్ధమే లేనప్పుడు ఒట్టుకి నిలబడే చోటేది? పెద్దాయన పడవ అంచు పట్టుకుని లంక మీద కాలు పెట్టాడు. పెద్దమ్మ దిగింది. దిగి తిన్నగా పాకలోకి వెళ్ళి, స్వామి ముందు నేల మీద నుదురు ఆనించి, చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ముందు దండం పెట్టింది బొమ్మకి.

"పొయ్యి మాట అన్నాను తల్లీ, మనసులో పెట్టుకోకు. నువ్వు పూడ్చింది లోగిలి కాదే, మా మధ్య గుంట."

"ఇంకో మాట చెప్పండి" అంది బొమ్మ. "ఇప్పుడు ఆడే ఆటకి ఏ లెక్క?"

చూడండి తమాషా. "మీ లెక్కనే ఆడదాం పెద్దనాన్నా" అంది పెద్దమ్మ. "ఛ, ఛ, మీ లెక్కనే అమ్మా" అన్నాడు పెద్దాయన. "పెద్దవారు మీరు." "ఆడపడుచువి నువ్వు." ఇంతసేపూ ఎవరి లెక్క కోసం వాళ్ళు పోట్లాడినవాళ్ళు, ఇప్పుడు ఎదుటివాళ్ళ లెక్క కోసం పోట్లాడటం మొదలెట్టారు.

"ఎవరిదైనా నాకొకటే, ఇద్దరూ ఒప్పుకున్నది ఒకటి రాయండి, ఎండ వాలిపోతోంది!" అంది బొమ్మ.

చివరికి ఈ ఏటికి పడమటి లెక్క, పై ఏటికి తూర్పు లెక్క అనుకున్నారు. వడ్రంగి కొత్త తాటాకు తెచ్చాడు. పైన స్వామి పేరు రాశాడు. ఆడేవాళ్ళ పేర్లకంటే ముందు, స్వామి పేరు కిందే, పడమటి లెక్క అని రెండు ముక్కలు రాశాడు.

"ఇంతేనా? వివరంగా రాయొద్దూ?" అన్నాడు పెద్దాయన.

"ఇద్దరికీ తెలిస్తే రెండు ముక్కలు చాలండి" అన్నాడు వడ్రంగి.

"ఏమీ రాయని ఆకు వస్తే, నాన్నా?" అంది బొమ్మ.

"రాయని చోట నీకు తోచింది అనుకోకు తల్లీ. అడుగు."

ఆ వారమే రెండు ఊళ్ళూ లంకకి తరలివచ్చాయి. స్వామి మొహమే చూడని పిల్లలు పాక ముందు వరసలో నిలబడ్డారు. వడ్రంగి ఒక్కొక్కరినీ లోపలికి పంపుతూ, "పక్కింటి అయ్యగారూ, వీళ్ళు మీవాళ్ళేనండి" అని పరిచయం చేశాడు. ఆట జరిగింది. మర్యాద మర్యాదే, లంక మీద లెక్క పెట్టలేదు. పడవలు వెళ్ళిపోయాయి. సాయంత్రం ఒక్క గట్టు మీదే డప్పు మోగింది. తూర్పున. పడమటి లెక్కన తూర్పు గెలిచింది. పడమటి గట్టు నీటి మీదుగా దండం పెట్టింది.

మర్నాడు స్వామి పడవెక్కాడు. వడ్రంగి భుజం మీదే మోసుకెళ్ళాడు, ఇంకెవర్నీ తాకనివ్వలేదు. పీఠం సర్ది, కప్పిన గుడ్డ సర్ది, మళ్ళీ సర్ది, ఇంక సర్దడానికేమీ మిగలక పడవ దిగాడు. "ఇన్నాళ్ళు కూర్చున్నావు, అదే గొప్ప" అన్నాడు. పడవ కదిలింది.

ఆయన వెనక్కొచ్చి చీపురు తీసుకుని పాక ఊడ్చాడు. పీఠం ఉన్నచోట ఇసుకలో పల్లం పడింది. దాని చుట్టూ ఊడ్చాడుగానీ దాన్ని చెరపలేదు. అలవాటు కొద్దీ పుచ్చకాయ కోశాడు. కోశాక గుర్తొచ్చింది. కత్తి పక్కన పెట్టాడు. తరవాత దీపం వెలిగించి, ఆ పల్లం ముందు పెట్టి, పక్కన ముక్క పెట్టాడు.

బొమ్మ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తోంది.

"నాన్నా," అంది. "స్వామి వెళ్ళిపోయాడు కదా. మనం ఓడిపోయామా?"

తూర్పు గట్టున డప్పు వినపడుతోంది. వడ్రంగి చేతులు తుడుచుకుంటూ వచ్చి బొమ్మ పక్కన చతికిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, మొహంలో నవ్వుంది.

"ఏ లెక్కన అడుగుతున్నావు తల్లీ?"

బొమ్మ పాకలోకి చూసింది. నాలుగు గుంజలు. చుట్టూ ఆయన చేత్తో అల్లిన తడికలు. మధ్యలో దీపం, దీపం చుట్టూ ఖాళీ.

వేలు చాపి, మెల్లగా, లెక్కపెట్టడం మొదలెట్టింది.